కథకు ముందూ వెనకా: రబ్బీల కథలను అనువాదంలో చదవడం

రబ్బీల కథల సంకలనం ఏది తెరిచినా అందులో మట్టి పొయ్యి కథ దాదాపు తప్పకుండా ఉంటుంది. ముక్కలుగా కోసి, మధ్యలో ఇసుక పోసి పేర్చిన పొయ్యికి మైల అంటుతుందా లేదా అన్నది వాదం. అంటదని రబ్బీ ఎలియెజెర్ ఒక్కడే అంటాడు. తక్కిన పండితులంతా అంటుతుందంటారు. తన మాటే నిజమైతే ఈ కేరబ్ చెట్టు సాక్ష్యం చెప్పాలంటాడు ఎలియెజెర్. చెట్టు వేళ్లతో సహా లేచి నూరు మూరల అవతల పడుతుంది. చెట్టు సాక్ష్యం చెల్లదంటారు వాళ్లు. వాగు వెనక్కి పారుతుంది, పాఠశాల గోడలు ఒరుగుతాయి, చివరికి ఆకాశవాణి కూడా ఎలియెజెర్ పక్షమే పలుకుతుంది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి నిలబడి, ధర్మశాస్త్రం ఆకాశంలో లేదన్న ద్వితీయోపదేశకాండం మాటను ఆకాశానికే అప్పజెబుతాడు. సీనాయి కొండ మీద ఒకసారి ఇచ్చేశాక నిర్ణయం ఇక మెజారిటీదే. ఆ వేళ దేవుడేం చేశాడని తర్వాతెప్పుడో ఒక రబ్బీ ఏలీయా ప్రవక్తను అడుగుతాడు. పిల్లలు తనను ఓడించారని నవ్వాడంటాడు ఏలీయా.

చాలా పుస్తకాల్లో కథ ఈ నవ్వుతో అయిపోతుంది. మనిషి బుద్ధికీ చర్చకూ ఇంత గౌరవం ఇచ్చిన మతసాహిత్యం మరొకటి ఉందా అని వ్యాఖ్యాతలు మురిసిపోతారు. మురిసిపోవలసిన కథే. కానీ బబులోను తాల్ముద్‌లో, బావా మెట్సియా అనే భాగం 59వ పత్రంలో, కథ అక్కడ ఆగలేదు. ఎలియెజెర్ శుద్ధమని చెప్పిన వస్తువులన్నీ ఆ రోజే తెచ్చి కాల్చేస్తారు. ఆయన్ను వెలివేస్తారు. ఆ కబురు ఎవరు చెప్పాలి? తగనివాడెవడైనా వెళ్లి చెబితే లోకమే నాశనమవుతుందని శిష్యుడు అకీవా తానే బయల్దేరతాడు. నల్లబట్టలు కట్టుకుని, గురువుకు నాలుగు మూరల దూరంలో కూర్చుంటాడు. ఇవాళేమిటి విశేషం అని గురువు అడుగుతాడు. మీ తోటివాళ్లు మీకు దూరంగా ఉంటున్నట్టు తోస్తోందని శిష్యుడి జవాబు. ఎలియెజెర్ బట్టలు చించుకుని, చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని కన్నీరు పెడతాడు. ఆలివ్ పంటలో మూడో వంతు, గోధుమలో మూడో వంతు, బార్లీలో మూడో వంతు పోతుంది. పండితులకు పెద్ద అయిన రబ్బాన్ గమలీయేల్ ఓడలో వెళ్తుంటే అల మీదికి లేస్తుంది. తన పరువు కోసం చేయలేదనీ, జనంలో తగవులు పెరగకూడదనే చేశాననీ ఆయన మొరపెట్టుకుంటే సముద్రం అప్పటికి శాంతిస్తుంది.

ఎలియెజెర్ భార్య ఇమా షాలోమ్ ఆ గమలీయేల్‌కు తోబుట్టువు. ఆనాటి నుంచీ ఆమె భర్తను సాష్టాంగపడి మొరపెట్టుకోనివ్వదు. ఒకనాడు నెలల లెక్క తప్పిందో, గుమ్మంలో పేదవాడు నిలబడితే రొట్టె ఇవ్వడానికి లేచిందో, తాల్ముద్ రెండు మాటలూ చెబుతుంది, తిరిగి చూసేసరికి భర్త నేల మీద బోర్లా పడి ఉన్నాడు. లే, నా తోడబుట్టినవాణ్ణి చంపేశావంటుంది. అంతలోనే గమలీయేల్ ఇంటి నుంచి చావు కబురు చెప్పే బూర వినిపిస్తుంది. నీకెలా తెలిసిందని భర్త అడుగుతాడు. అన్ని ద్వారాలూ మూసుకున్నా మనసు నొచ్చినవాళ్ల మొర వెళ్లే ద్వారం మాత్రం మూసుకోదని మా తాతగారింట చెప్పుకునేవారంటుంది ఆమె.

ఇక కథకు ముందు ఏముందో చూడాలి. అక్కడున్నది పొయ్యిల శుద్ధి గురించిన చర్చ కానే కాదు. బేరసారాల్లో మోసం ఎలా తప్పో మాటలతో నొప్పించడమూ అలాగే తప్పని చెప్పే మిష్నా, అంటే పాత ధర్మనియమం, అది. కొనే ఉద్దేశం లేనప్పుడు సరుకు ధర అడగొద్దంటుంది, దారి మార్చుకున్న మనిషికి పాత పనులు గుర్తుచేయొద్దంటుంది. దాని మీద నడిచిన చర్చలో, నలుగురిలో ఒకరి ముఖం చిన్నబుచ్చడం రక్తం ఒలికించడంతో సమానమన్న మాట వస్తుంది. కన్నీటి ద్వారాలు మూసుకోవన్న మాటా వస్తుంది. కొద్ది వాక్యాల తర్వాత ఈ కథ. సంకలనాలు మెజారిటీ విజయంగా చూపిన కథను తాల్ముద్ కూర్పరులు మరో ప్రశ్న కింద పెట్టారు: గెలిచినవాళ్లు ఓడినవాణ్ణి ఏం చేశారు? రెండు అర్థాలూ కథలో ఉన్నాయి. లోకం చుట్టి వచ్చింది ఒకటే.

ఈ కథల్ని అనువాదంలో చదివేవాళ్లకు మూలభాష రాకపోవడమే పెద్ద అడ్డంకి అని సాధారణంగా అంటారు. హీబ్రూ, అరమాయికు రాకపోతే కొంత పోతుంది, నిజమే. కథను దాని చోటు నుంచి కోసి తీసినప్పుడు పోయేది అంతకన్నా ఎక్కువ. పైగా ఈ రెండో నష్టం భాష వచ్చినవాళ్లకూ జరుగుతుంది, భాష రానివాళ్లు కూడా దాన్ని పూడ్చుకోగలరు. ఈ కథలను శతాబ్దాలుగా ఎవరెలా చదివారో వరుసగా చూస్తే నాకు బలపడిన అభిప్రాయం ఇది.

తెలుగు పాఠకుడికి నేపథ్యం కొంచెం చెప్పాలి. పాత నిబంధన మనకు బాగా తెలుసు. దాని తర్వాతి యూదుల సాహిత్యం అంతగా తెలియదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక, యూదుల జీవితం పండితుల చర్చల చుట్టూ అల్లుకుంది. 200 ప్రాంతంలో యూదా హనాసి ధర్మనియమాలను మిష్నాగా కూర్చాడు. దాని మీద పాలస్తీనాలోనూ, బబులోనులోని సూరా, పుంబెదితా విద్యాపీఠాల్లోనూ తరాల పాటు నడిచిన చర్చలే రెండు తాల్ముద్‌లు. ఇందులో ధర్మనిర్ణయాన్ని హలాఖా అంటారు. కథలు, ఉపదేశాలు, పురాణంలాంటి కల్పనలు అన్నీ కలిపి అగ్గాదా. పుస్తకంలో ఈ రెండూ విడివిడిగా ఉండవు. ఎద్దు పొడిస్తే నష్టపరిహారం ఎంత అన్న చర్చ నడుస్తూ నడుస్తూ ఒక మనిషి కథలోకి జారి, మళ్లీ ఎద్దు దగ్గరికి వస్తుంది.

ఈ సంప్రదాయానికి అనువాదం కొత్త కాదు. ప్రార్థనామందిరంలో ధర్మశాస్త్రం చదివేటప్పుడు పక్కన ఒకడు నిలబడి ఒక్కో వచనాన్నీ జనం మాట్లాడే అరమాయికులో చెప్పేవాడు. ఏ కథను చదివి అనువదించాలో, ఏ కథను చదివినా అనువదించకూడదో కూడా మిష్నాలో ఒక జాబితా ఉంది. రూబేను తప్పు చేసిన ఉదంతం చదువుతారు, అనువదించరు. తామారు కథ చదువుతారు, అనువదిస్తారు. అనువదించిన కథ మరో చోటికి, మరో మనిషి చెవికి చేరుతుందనీ, అక్కడ దాని బతుకు మారుతుందనీ వాళ్లకు బాగా తెలుసు.

ఆ భయం నిజమైన సందర్భం కూడా ఉంది. తాల్ముద్ నుంచి లాటిన్‌లోకి జరిగిన తొలి పెద్ద అనువాదం ఒక విచారణ కోసం జరిగింది. క్రైస్తవం పుచ్చుకున్న నికొలాస్ డోనిన్ అనే యూదుడు తాల్ముద్ మీద ఫిర్యాదు చేస్తే, 1240లో పారిస్‌లో రాజాస్థానం ఎదుట రబ్బీ యెహియెల్ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ వ్యవహారంలోనే కథల ముక్కలు లాటిన్‌లోకి ఎక్కాయి. దేవుడు ఓడిపోయాడట, దేవుడు నవ్వాడట అన్న రకం ముక్కలు నిందితుడి మీద సాక్ష్యాలయ్యాయి. 1242లో బండ్ల కొద్దీ చేతిరాత ప్రతులను పారిస్‌లో తగలబెట్టారు. 1700లో జర్మనీలో ఐసెన్‌మెంగర్ అదే పద్ధతిలో మరో పెద్ద పుస్తకం తెచ్చాడు, తర్వాతి యూదు ద్వేషులకు అది గని అయింది. అతనికి భాషలు బాగా వచ్చు. భాష వచ్చినంత మాత్రాన మంచి పాఠకుడు కాలేడనడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ నాకు తెలియదు.

బయటి నుంచి ఈ ఒత్తిడి ఉండగా, లోపల యూదు పండితులకు ఇంకో చిక్కు: ఈ కథలను నమ్మాలా? పన్నెండో శతాబ్దంలో మైమోనిదీస్ పాఠకులను మూడు తెగలుగా చెప్పాడు. కథను అక్షరాలా నమ్మి, అలా నమ్మడమే పెద్దల పట్ల గౌరవం అనుకునేవాళ్లు. అక్షరాలా తీసుకుని ఎగతాళి చేసేవాళ్లు. పైకి కనిపించే అర్థం వెనక మరో అర్థం ఉందని తెలిసి వెతికేవాళ్లు. మొదటి రెండు తెగలవాళ్లూ ఒకే తప్పు చేస్తున్నారన్నది ఆయన చూపు. ఇవాళ్టికీ ఈ విభజన పాతబడలేదు. 1263లో బార్సిలోనా వాదంలో నహ్మానిదీస్ ఇంకా తెగించాడు: అగ్గాదాను నమ్మినవాడికి మంచిదే, నమ్మనివాడికి వచ్చే నష్టం లేదన్నాడు. ఎదుటి క్రైస్తవ పక్షంవాళ్లు కథలను పట్టుకుని మతసత్యాల మీద వాదిస్తుంటే అనవలసి వచ్చిన మాట అది. ఆయన మనసులో ఎంత నమ్మి అన్నాడన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

పదహారో శతాబ్దంలో ఇటలీలో అజరయా దె రోస్సి చేతిలో ఈ గొడవ ఒక దోమ కథ దగ్గర తేలింది. దేవాలయాన్ని కూల్చిన టైటస్ ముక్కులో దోమ దూరి, ఏడేళ్లు మెదడును తొలిచిందనీ, చచ్చాక పుర్రె తెరిస్తే అది పిచుకంత పెరిగి ఉందనీ తాల్ముద్ చెబుతుంది. దె రోస్సి రోమన్ చరిత్రలు చదివినవాడు. టైటస్ ఏలింది 79 నుంచి 81 దాకానే. జ్వరంతో పోయాడు. కాబట్టి ఇది జరిగిన సంగతి కాదు, గర్విష్ఠికి అల్పప్రాణి చాలునని చెప్పడానికి పెద్దలు అల్లిన కథ అని 1570లలో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ప్రాగ్ నగరపు మహరల్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. మహరల్ కూడా కథను అక్షరాలా నమ్మమనలేదు. ఋషుల మాటను రోమన్ల లెక్కలతో తూచడమే ఆయనకు గిట్టలేదు. నాకు ఇద్దరి మాటలోనూ కొంత కావాలి. దె రోస్సి లేకపోతే మనం కథను చరిత్రగా మింగేస్తాం. మహరల్ లేకపోతే చరిత్ర కాదని తేలగానే పుస్తకం మూసేస్తాం.

కోత సంగతికి వస్తే, మొదట కోసినవాళ్లు ప్రేమతోనే కోశారు. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యాకోబ్ ఇబ్న్ హబీబ్ 1516లో సలోనికాలో ‘ఐన్ యాకోవ్’ అచ్చు మొదలుపెట్టాడు. తాల్ముద్ లోని కథలను, ఉపదేశాలను తాల్ముద్ వరుసలోనే ఉంచి, ధర్మచర్చను చాలావరకు పక్కన పెట్టాడు. న్యాయచర్చ అంతుపట్టని మామూలు జనానికి అది శతాబ్దాల పాటు చదువుల పుస్తకమైంది. 1908 నుంచి 1911 మధ్య ఒదెస్సాలో బియాలిక్, రవ్నిట్స్కీ ఇంకా ముందుకు వెళ్లారు. తాల్ముద్ వరుసనూ వదిలేసి కథలను విషయాల వారీగా పేర్చారు, అరమాయికు భాగాలను హీబ్రూలోకి మార్చారు. ‘సెఫెర్ హఅగ్గాదా’ ఆధునిక హీబ్రూ పాఠకుల తరాలను పెంచిన పుస్తకం. అది లేకపోతే ఎంతోమందికి ఈ కథలు తెలిసేవే కావు. దాని ఋణం పెద్దది. ఆ బియాలికే తర్వాత ఒక గొప్ప వ్యాసంలో హలాఖా, అగ్గాదా ఒకే వస్తువుకు రెండు ముఖాలని వాదించాడు. తను చేసిన పని మీద తనకే కలిగిన అసంతృప్తి అందులో ఉందని నాకనిపిస్తుంది. 1992లో విలియం బ్రాడ్ చేసిన ఇంగ్లీషు అనువాదంతో ఆ విషయవారీ అమరిక ప్రపంచానికంతటికీ అందింది. మనకు చేరే కథలు చాలావరకు ఆ దారినే వస్తాయి.

విశ్వవిద్యాలయాల్లో చదివే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో పూర్తిగా తిరగబడింది. పందొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు ఈ కథల నుంచి రబ్బీల జీవితచరిత్రలు అల్లేవారు. జేకబ్ న్యూస్నర్ కూడా 1962లో రబ్బీ యోహనాన్ బెన్ జక్కాయి జీవితచరిత్ర రాశాడు. 1970కల్లా మరో పుస్తకం రాసి, మనకు దొరికేది ఆ మనిషి గురించిన కథలు పెరిగిన తీరే గాని మనిషి కాదని తేల్చాడు. తన పనిని తానే అలా కూలదోసుకోగలగడం పండితుడికి అరుదైన ధైర్యం. హీబ్రూ విశ్వవిద్యాలయంలో యోనా ఫ్రాంకెల్ మరో దారి చూపాడు: ప్రతి కథా తనలో తాను పూర్తయిన కళాఖండం, బయటి నుంచి ఏమీ తేకుండా దాని కట్టడాన్ని చూడండి అన్నాడు. మాట మాటనూ పట్టి చదివే ఓపిక ఆయన దగ్గర నేర్చుకోవలసిందే. గిరి గీసి కూర్చోవడం మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. 1999లో జెఫ్రీ రూబెన్‌స్టైన్ ‘తాల్ముదిక్ స్టోరీస్’లో, బబులోను కూర్పరులు పాత కథలను తిరగరాసి ఫలానా చర్చ పక్కన కావాలనే పెట్టారని చూపాడు. పొయ్యి కథను మాటల గాయం గురించిన కథగా చదవడానికి ఆ పుస్తకం బలమిచ్చింది. యెరూషలేము తాల్ముద్‌లో ఇదే కథ వెలి నియమాల చర్చలో వస్తుంది, అక్కడ దేవుడి నవ్వు లేదు. పారిస్‌లో తత్వవేత్త లెవినాస్ చేసిన ఉపన్యాసాలు ఇంకో రకం. ఆయన కొన్నిసార్లు చట్టాన్నీ కథనూ కలిపి చదివాడు, కూలీల భోజనం గురించిన మిష్నా నుంచి నేరుగా నీతిశాస్త్రంలోకి నడిచాడు.

ఈ చదువులన్నిటికీ గీటురాయి లాంటి చోటు కెతుబోత్ 61 నుంచి 63వ పత్రాల మధ్య ఉంది. మిష్నా చాలా లౌకికమైనది: భర్త ఎన్నాళ్లకొకసారి భార్యతో ఉండి తీరాలి? కూలివాడు వారానికి రెండుసార్లు, గాడిదలు తోలేవాడు వారానికి ఒకసారి, ఒంటెలు తోలేవాడు ముప్పై రోజులకు, ఓడ పనివాడు ఆరు నెలలకు. చదువుకునేవాడు భార్య అనుమతి లేకుండా ముప్పై రోజులు వెళ్లొచ్చు. చర్చలో ఒక పండితుడు ఆ గడువును రెండు మూడేళ్లకు పెంచుతాడు. ఆ మాట నమ్ముకుని వెళ్లేవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారని రావా అంటాడు. అక్కడ మొదలవుతుంది కథల వరుస.

రవ్ రెహూమి మహోజాలో రావా దగ్గర చదువుకుంటూ ఏడాదికి ఒక్కసారి, ప్రాయశ్చిత్త దినానికి ముందు రోజు, ఇంటికి వచ్చేవాడు. ఒక ఏడు చదువులో మునిగిపోయాడు. భార్య ఇప్పుడొస్తాడు, ఇంకాసేపట్లో వస్తాడు అని ఎదురుచూసింది. రాలేదు. మనసు చివుక్కుమని ఆమె కంట ఒక్క బొట్టు రాలింది. అతను మేడ మీద కూర్చున్నాడు. మేడ కూలి అతను చనిపోయాడు. కథంతా ఇంతే. కన్నీటికీ కూలడానికీ సంబంధం ఏమిటో మూలం చెప్పదు, రెండు వాక్యాలను పక్కపక్కన పెడుతుంది. కొన్ని అనువాదాలు మధ్యలో ‘సరిగ్గా అదే క్షణంలో’ అని చేరుస్తాయి. చదవడం సులువవుతుంది, పాఠకుడు చేయవలసిన పని మాత్రం అనువాదకుడు చేసేస్తాడు.

అదే వరుసలో హనన్యా బెన్ హకినాయి కథ. పన్నెండేళ్లకు ఊరికొస్తే వీధులు మారిపోయి ఇల్లెక్కడో తెలియలేదు. ఏటి ఒడ్డున కూర్చుంటే, హకినాయి కూతురా కడవ నింపుకో అని ఎవరో ఒక పిల్లను పిలిచారు. ఆ పిల్ల వెంట ఇంటికి నడిచాడు. పిండి జల్లిస్తున్న భార్య తలెత్తి చూసింది, చూసిన అదటుకు ప్రాణం పోయింది. ఇంత కష్టపడ్డదానికి ఈమెకు ప్రతిఫలం ఇదా అని దేవుణ్ణి అడిగితే తిరిగి బతికింది. ఇంకొకడు ఇంటికొచ్చి తన కొడుకునే పోల్చుకోలేక, ఎవరో పెద్ద పండితుడనుకుని లేచి నిలబడతాడు. ఆ తర్వాత అకీవా కథ. పన్నెండేళ్లు వెళ్లి తిరిగొస్తే, అతను తన మాట వింటే ఇంకో పన్నెండేళ్లు చదువుకోమంటానని భార్య ఎవరితోనో అంటోంది. గుమ్మం బయటే విని వెనక్కి వెళ్లాడు. ఇరవై నాలుగు వేల మంది శిష్యులతో వచ్చినప్పుడు, చిరిగిన బట్టల్లో ఎదురొచ్చిన ఆమెను శిష్యులు నెట్టబోతే, మీ చదువూ నా చదువూ ఆమెదే అన్నాడు.

అకీవా కథ విడిగా చదివితే త్యాగం గురించిన ప్రేమకథ. సంకలనాల్లో అలాగే ఉంటుంది, ఉపన్యాసాల్లోనూ అంతే. వరుసలో చదివితే దాని వెనక కూలిన మేడ ఉంది, జల్లెడ ముందు ఒరిగిపోయిన ఆడమనిషి ఉంది. అకీవాకు దక్కింది అందరికీ దక్కదని ఆ వరుసే చెబుతోంది. అకీవా తర్వాత కూడా ఇంకో కథ ఉంది: రావా కొడుకు యోసేపును ఆరేళ్లకు చదువుకు పంపితే మూడేళ్లకే భార్యను చూడాలని వచ్చేశాడు, తండ్రి ఆయుధం పట్టుకుని ఎదురొచ్చాడు, తండ్రీకొడుకులు గొడవలో పడి ఉపవాసం ముందు తినవలసిన భోజనం ఇద్దరూ తినలేదు. ప్రాయశ్చిత్త దినపు ముందు రోజుతోనే మొదలైన వరుస అదే రోజుతో ముగుస్తుంది. డేనియల్ బొయారిన్ 1993లో ‘కార్నల్ ఇజ్రాయెల్’లో ఈ వరుసను చదివి, చదువుకూ కాపురానికీ మధ్య బబులోను పండితులు ఎంత నలిగారో చూపాడు. ఈ ఆడవాళ్లలో చాలామందికి పేర్లు లేవన్న సంగతిని ఈ తరం పాఠకులు సరిగ్గానే ఎత్తిచూపారు. అకీవా భార్యకు కూడా ఇక్కడ పేరు లేదు, కల్బా సవువా కూతురు అంతే. రాహేలు అన్న పేరు మరో గ్రంథం నుంచి వచ్చింది.

2013 ఫిబ్రవరిలో రూత్ కల్దెరోన్ ఇజ్రాయెల్ పార్లమెంటులో తన తొలి ప్రసంగానికి రెహూమి కథనే ఎంచుకుంది. తాల్ముద్ చేతిలో పట్టుకుని, మూలం చదివి, వివరించి, ఒకరి బాధ్యతను ఇంకొకరు మోసే విషయంలో రెండు పక్షాలూ తమదే న్యాయమనుకుంటాయని చెప్పింది. మతపండితుల గుత్తగా ఉన్న పుస్తకాన్ని ఒక లౌకికవాద స్త్రీ సభలో తెరిచిందని చాలామంది సంతోషించారు, కొందరు నొచ్చుకున్నారు. నాకు ఆ ప్రసంగం ఇష్టం. ఆమె మూలాన్ని ముందు పెట్టి తర్వాత తన మాట చెప్పింది. ఏది కథదో ఏది తనదో వినేవాళ్లకు తెలిసింది.

ఆ మర్యాద పాటించే అచ్చు ప్రతులు ఇప్పుడు దొరుకుతున్నాయి. 1935లో మొదలై 1952లో పూర్తయిన సొన్సినో ఇంగ్లీషు తాల్ముద్ ముక్తసరిగా ఉంటుంది, ఒంటరిగా చదివేవాడికి కష్టం. 1990 నుంచి 2005 దాకా 73 సంపుటాలుగా వచ్చిన ఆర్ట్‌స్క్రోల్ ప్రతి పేజీకీ ఎదురుగా మూలం పెడుతుంది, అర్థాన్ని మాత్రం రాషీ మొదలైన సంప్రదాయ వ్యాఖ్యాతల దారిలోనే చెబుతుంది. ఆదిన్ స్టైన్‌సాల్ట్జ్ 1965 నుంచి 2010 దాకా ఒక్కడే హీబ్రూలోకి చేసిన పని మీద ఆధారపడిన ఇంగ్లీషు ప్రతిని సెఫారియా వెబ్‌సైటు 2017 నుంచి ఉచితంగా అందిస్తోంది. అందులో మూలంలో ఉన్న మాట లావు అక్షరాల్లో, చేర్చిన వివరణ మామూలు అక్షరాల్లో ఉంటుంది. లావు అక్షరాలనే వరుసగా చదివి చూడండి. కథ ఎంత పొట్టిదో, ఎంత చెప్పకుండా వదిలేసిందో కళ్లకు కడుతుంది. ఎవరైనా ఆ పేరాను కాపీ చేసి పంపితే ఆ తేడా చెరిగిపోతుంది, అందుకే పంచుకున్న ముక్కను నమ్మి వ్యాఖ్యానం మొదలుపెట్టకూడదు.

తెలుగులోకి తేవాలనుకునేవాళ్లకు ఇంగ్లీషు అనువాదకుడికి లేని చిక్కులు కొన్ని ఎదురవుతాయి. ఇమా షాలోమ్ గమలీయేల్‌కు అక్కా చెల్లెలా మూలం చెప్పదు, తెలుగు చెప్పమంటుంది. ఆమె భర్తను లే అనాలా, లేవండి అనాలా? ఆ గడియలో లే అనడమే సహజమని నేననుకుంటాను, ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు. దేవుడు నవ్వాడా, నవ్వారా? రబ్బీలందరికీ గౌరవ బహువచనం తగిలిస్తే వాళ్లు ఒకరినొకరు కాల్చుకుతిన్న ఘట్టాలు మెత్తబడిపోతాయి. అలాగని అందరినీ ఏకవచనంలోకి దించితే గురువు ముందు అకీవా పడిన సంకోచం కనిపించదు. శిష్యుడు గురువును మీరని, గురువు శిష్యుణ్ణి నువ్వని, కథకుడు ఇద్దరినీ ఏకవచనంలో చెబితే కుదురుతుందని నా అంచనా.

ఈ పనికి చదివేవాళ్లు లేరని అనుకోనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిములుగా, యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల మీద 2013లో పరిశోధన గ్రంథమే వచ్చింది. బైబిలును తెలుగులో చిన్నప్పటి నుంచి చదివి, ఆ తర్వాత ఏమైందో తెలియని పాఠకులు లక్షల్లో ఉన్నారు. భాష్యం మీద టీక, టీక మీద చర్చ చదివే అలవాటున్న వేదాంత, వ్యాకరణ పాఠకులకు తాల్ముద్ పేజీ పరాయిది అనిపించదు.

మొదలుపెడితే కథల సంకలనంతో మొదలుపెట్టొద్దని నా విన్నపం. కెతుబోత్ లోని ఆ పత్రాలు చాలు. గాడిదలు తోలేవాడి లెక్క నుంచి తండ్రీకొడుకులు తినకుండా వదిలేసిన భోజనం దాకా, చట్టం చర్చలో ఒక్క వాక్యమూ వదలకుండా, చేర్చిన ప్రతి మాటా వేరే అచ్చులో కనిపించేలా. అరమాయికు తెలిసినవారొకరు, తెలుగు రాయడం తెలిసినవారొకరు కలిసి కూర్చుంటే అయ్యే పని అది. అది వచ్చాక, కావాలంటే బావా మెట్సియా 58వ పత్రం తెరవొచ్చు, ధర అడగొద్దన్న మిష్నా దగ్గర నుంచి.